12 రోజుల పాప, కుడి కన్ను బాగా చిన్నగా ఉంది. ఆగాలా, ఇప్పుడే చూపించాలా?

నేరేడ్‌మెట్_నాన్న
మా పాప పుట్టి 12 రోజులు. నెలలు నిండాకే పుట్టింది, 2.8 కిలోలు, నార్మల్ డెలివరీ. ఎడమ కన్ను చక్కగా తెరుస్తోంది. కుడి కన్ను మాత్రం సన్నగా గీత గీసినట్టు తెరుచుకుంటుంది. పాప నిద్రలేచినప్పుడు దగ్గరగా చూశాను. లోపల నల్లగుడ్డు కూడా ఎడమదాని కంటే చిన్నదే.

కాన్పు చేసిన నర్సింగ్ హోమ్‌లో అడిగితే "కాన్పులో ఒత్తిడి పడి వాచింది, నెలకల్లా సర్దుకుంటుంది" అన్నారు. వాపు మూడో రోజుకే తగ్గింది. కన్ను అలాగే ఉంది.

ఇంట్లో ఇంకో గొడవ. నా భార్య ఆరో నెలలో ఉండగా గ్రహణం రోజు బాల్కనీలోకి వెళ్లి బట్టలు తీసింది. దాని వల్లే ఇలా అయ్యిందని మా అమ్మ అంటోంది. తను పాలిస్తూ కూడా ఏడుస్తోంది. 21వ రోజు బారసాల అయ్యాక చూపిద్దాం అని పెద్దవాళ్ల మాట. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఎవరికైనా ఇలా అయ్యిందా? ఆగొచ్చా?

కూకట్‌పల్లి_బాబాయ్
కంగారు పడకు నాన్నా. మా మనవడికీ ఒక కన్ను ఇలాగే సగం మూసి ఉండేది. రెండు నెలలకు అదే తెరుచుకుంది. పుట్టిన పిల్లల మొహాలు రోజుకొక రకంగా ఉంటాయి. బారసాల కానివ్వండి.

సఫిల్‌గూడ_సుజాత
బాబాయ్, మీ మనవడికి రెప్ప వాలి ఉండొచ్చు, లోపల గుడ్డు మామూలుగానే ఉండి ఉంటుంది. ఈయన నల్లగుడ్డే చిన్నగా ఉంది అంటున్నారు. అది వేరే సంగతి.

తమ్ముడూ, ఆగొద్దు. రేపే వెళ్లండి. మా బాబుకి ఇప్పుడు ఆరేళ్లు, కుడి కన్ను పుట్టుకతోనే చాలా చిన్నది. మాకూ "సర్దుకుంటుంది" అన్నారు. మేం ఏడు నెలలు ఆగాం. ఆ ఏడు నెలలు ఎందుకు పోగొట్టుకున్నామా అని ఇవాళ్టికీ బాధే.

ఆప్టమ్_కిరణ్
నేను పిల్లల కంటి క్లినిక్‌లో ఆప్టోమెట్రిస్టుని, అంటే కంటి కొలతలు, చూపు పరీక్షలు చేసేవాణ్ణి. ఫోన్లో రాసింది చదివి జబ్బు పేరు చెప్పలేను, ఎవరూ చెప్పకూడదు కూడా. ఏం కొలుస్తారో, ఎందుకు కొలుస్తారో చెబుతాను.

కనుగుడ్డు ముందు నుంచి వెనక దాకా పొడవు పుట్టినప్పుడు సుమారు 16, 17 మిల్లీమీటర్లు ఉంటుంది. పెద్దయ్యేసరికి 23, 24 అవుతుంది. ఎక్కువ పెరుగుదల మొదటి రెండేళ్లలోనే. నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే కార్నియా పుట్టినప్పుడు 10 మిల్లీమీటర్ల దగ్గర్లో ఉంటుంది, 9 కంటే తక్కువైతే చిన్నదని లెక్క. కార్నియా ఒక్కటే చిన్నదా, మొత్తం గుడ్డే చిన్నదా అన్నది బయటికి చూస్తే తెలియదు. మూసిన రెప్ప మీద జెల్ రాసి అల్ట్రాసౌండ్ స్కాన్ చేస్తారు. నొప్పి ఉండదు, సూది ఉండదు. వయసుకు ఉండాల్సిన దానికంటే గుడ్డు పొడవు బాగా తక్కువైతే మైక్రాఫ్తాల్మియా అంటారు. పదివేల కాన్పుల్లో ఒకరిద్దరికి వస్తుంది.

ఇంకో ముఖ్యమైన మాట. ఒక్కోసారి "చిన్న కన్ను" అని తీసుకొస్తారు, తీరా చూస్తే చిన్నగా కనిపించేదే మామూలు కన్ను, రెండోది లోపల ఒత్తిడి పెరిగి పెద్దదై ఉంటుంది. పుట్టుకతో వచ్చే నీటికాసులు అన్నమాట. ఎడమ కంట్లోంచి నీళ్లు కారడం, వెలుతురు చూస్తే మొహం తిప్పుకోవడం, నల్లగుడ్డు మీద మసక ఉన్నాయా? ఉంటే ఇవాళే వెళ్లాలి. రెండు కళ్లలో ఎందులోనైనా కనుపాప మధ్య తెల్లగా మెరిసినా అంతే.

నేరేడ్‌మెట్_నాన్న
@ఆప్టమ్_కిరణ్ ఇప్పుడే టార్చి లేకుండా కిటికీ దగ్గర చూశాం. ఎడమ కన్ను బాగానే ఉంది. నీళ్లు లేవు, మసక లేదు. కుడి కనుపాప గుండ్రంగా లేదు, కింద వైపు జారినట్టుంది. తాళంచెవి పెట్టే రంధ్రం ఆకారం. అలా ఉంటుందా?

ఆప్టమ్_కిరణ్
ఉంటుంది. కన్ను తయారయ్యేటప్పుడు కింది వైపు ఒక చీలిక ఉండి తర్వాత కలిసిపోతుంది. అది పూర్తిగా కలవకపోతే ఆ ఆకారం మిగులుతుంది. కొలబోమా అంటారు. చిన్న కంటితో కలిసి రావడం మామూలే. కంటి వెనక పొర రెటీనా దాకా ఉందా అని, కనుపాప పెద్దదయ్యే చుక్కలు వేసి చూస్తారు. ఇది చూశాక ఇక బారసాల దాకా ఆగే మాటే లేదు.

పిల్లల_డాక్టరమ్మ
బారసాల 21వ రోజు అన్నారు కదా. ఆ లెక్కలోనే ఒక చిక్కు ఉంది, అందరూ చదవండి. కన్ను చిన్నగా పుట్టడానికి ఉన్న కారణాల్లో గర్భంలో సోకే ఇన్‌ఫెక్షన్లు కొన్ని: రుబెల్లా, టాక్సోప్లాస్మా, సీఎంవీ (సైటోమెగలో అనే వైరస్), ఆటలమ్మ. వీటిలో సీఎంవీ పరీక్షకి పాప మూత్రం గానీ లాలాజలం గానీ పుట్టిన 21 రోజుల లోపే తీయాలి. ఆ తర్వాత పాజిటివ్ వస్తే గర్భంలోనే సోకిందో, పుట్టాక అంటుకుందో తేల్చడం కష్టం. మీ చేతిలో తొమ్మిది రోజులు ఉన్నాయి. ఈ పరీక్ష అవసరమా అని మీ డాక్టర్ని అడగండి.

కంటితో పాటు పిల్లని మొత్తంగా చూడాలి. గుండెకి ఎకో, వినికిడి పరీక్ష, కిడ్నీల స్కాన్, ముక్కు వెనక దారి సరిగా ఉందా, అంగిలి ఎలా ఉంది. కొలబోమా, గుండె లోపం, చెవి లోపం ఒకే పిల్లలో కలిసి వచ్చే రకాలు ఉన్నాయి. రెండు కళ్లూ చిన్నవైతే మెదడు ఎంఆర్‌ఐ, హార్మోన్ల పరీక్షలు కూడా చేస్తారు, ఎందుకంటే కంటికి సంబంధించిన కొన్ని జన్యువులు మెదడు కింద హార్మోన్లు చేసే పిట్యూటరీ గ్రంథికి కూడా పనిచేస్తాయి.

ఇక గ్రహణం సంగతి. కన్ను రూపం కట్టేది గర్భం నాలుగో వారం నుంచి ఏడో వారం మధ్యలో. అప్పటికి చాలామందికి గర్భం అని కూడా తెలియదు. ఆరో నెలలో ఆవిడ బాల్కనీలోకి వెళ్లేసరికి ఆ కన్ను రూపం కట్టి చాలా నెలలైంది. ఈ మాట మీ అమ్మగారికి మీరే కూర్చోబెట్టి చెప్పాలి. బాలింతకు ఆ నింద మోసే ఓపిక ఉండదు.

బోడుప్పల్_లత
మా అత్తగారు కూడా ఇదే అన్నారు, మా బాబుకి గ్రహణం మొర్రి వచ్చినప్పుడు. నాకు ఎవరూ ఈ వారాల లెక్క చెప్పలేదు. ఇవాళ చదువుతుంటే కళ్ల నీళ్లు ఆగలేదు. థాంక్యూ డాక్టరమ్మా.

కూకట్‌పల్లి_బాబాయ్
సుజాతమ్మ చెప్పింది నిజమే. కోడల్ని అడిగాను, మా వాడికి రెప్ప కండరం బలహీనమని చెప్పారట, గుడ్డు మామూలే. నా మాట వెనక్కి తీసుకుంటున్నా. వెంటనే చూపించు నాన్నా. బారసాల ఎప్పుడైనా చేసుకోవచ్చు.

మెహదీపట్నం_ఇర్ఫాన్
ఎక్కడికి వెళ్లాలో చెబుతా. బంజారాహిల్స్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రిలో పిల్లల కంటి విభాగం విడిగా ఉంది, కృత్రిమ కళ్లు తయారుచేసే విభాగం కూడా అక్కడే ఉంది. ప్రభుత్వ ఆస్పత్రి అయితే మెహదీపట్నంలో సరోజినీదేవి. మా అన్న కూతురిని అక్కడే చూపించాం. పొద్దున్నే వెళ్లి ఓపీ చీటీ తీసుకోండి. డిశ్చార్జి కాగితం, టిఫా స్కాన్ (ఐదో నెలలో బిడ్డ అవయవాలు చూసేది) రిపోర్టు, టీకాల కార్డు పెట్టుకోండి. పాలసీసా కాదు, తల్లిని తీసుకెళ్లండి. చుక్కలు వేశాక గంట ఆగాలి, పాప ఆకలికి ఏడుస్తుంది.

అమీర్‌పేట్_అను
టిఫా స్కాన్‌లో ఇది కనపడదా? నాకు ఐదో నెల, వచ్చే వారం స్కాన్ ఉంది. ఇది చదివి భయం వేస్తోంది.

పిల్లల_డాక్టరమ్మ
@అను కొన్నిసార్లు కనపడుతుంది, చాలాసార్లు కనపడదు. గుడ్డు అసలే లేకపోయినా, మరీ చిన్నదైనా దొరకొచ్చు. కాస్త చిన్నదైతే, బిడ్డ మొహం అటు తిప్పి ఉంటే దొరకదు. కాబట్టి ఇక్కడి కేసులో స్కాన్ చేసినవాళ్లని తప్పుపట్టడానికి లేదు. నువ్వు భయపడకు, ఇది అరుదు. పిల్లల కోసం ప్లాన్ చేసుకుంటున్నవాళ్లు మాత్రం రెండు గుర్తుపెట్టుకోండి. రుబెల్లా టీకా పడకపోతే గర్భానికి కనీసం నెల ముందే వేయించుకోవాలి, గర్భం వచ్చాక వేయరు. మొటిమలకి వాడే ఐసోట్రెటినాయిన్ మాత్రలు కూడా కనీసం నెల ముందే ఆపాలి, అవి బిడ్డకి తీవ్రమైన లోపాలు తెస్తాయి.

చిలకలగూడ_అమ్మమ్మ
చంటిపిల్లకి రెండు చుక్కలు చనుబాలు కంట్లో వెయ్యండి, ఆముదంతో రెప్ప మీద రుద్దండి. మేమంతా అలాగే పెంచాం.

సఫిల్‌గూడ_సుజాత
అమ్మమ్మా, మీ ప్రేమ అర్థమవుతుంది, కానీ కంట్లో ఏమీ వెయ్యొద్దు. మా బాబుకి అలా వేసి పుసులు కట్టి, స్కాన్ పది రోజులు వాయిదా పడింది. కాటుక కూడా వద్దు. దిష్టి చుక్క అరికాలికి పెట్టుకుందాం.

చిలకలగూడ_అమ్మమ్మ
సరే తల్లీ. అరికాలికే పెట్టండి. పాప చల్లగా ఉండాలి.

నేరేడ్‌మెట్_నాన్న
ఇవాళ చూపించాం. 14వ రోజు. పాపని బొంతలో గట్టిగా చుట్టి, మత్తు లేకుండా చుక్కలతోనే చూశారు.

కుడి గుడ్డు పొడవు 14.2, ఎడమది 16.8. కార్నియా కుడి 7.5, ఎడమ 10. కుడి కంట్లో కొలబోమా ఉంది, రెటీనా కింది భాగం దాకా ఉంది. నరం మొదలయ్యే చోట కొద్దిగా తగిలిందట, మధ్య భాగం కొంత బాగుందన్నారు. శుక్లం లేదు. లైటు వేస్తే పాప కన్ను గట్టిగా మూసుకుంది, కనుపాప కొద్దిగా కదిలింది. "చూపు ఎంతన్నది ఇప్పుడే చెప్పలేం, కానీ ఈ కన్ను వెలుతురు పట్టుకుంటోంది" అన్నారు. ఆ మాట విని నా భార్య పన్నెండు రోజుల తర్వాత మొదటిసారి కడుపునిండా తిన్నది.

పిల్లల డాక్టరుకి రాసిచ్చారు: ఎకో, వినికిడి, కిడ్నీ స్కాన్, సీఎంవీకి మూత్రం. రేపు అన్నీ చేయిస్తున్నాం. కంట్లో పెట్టే పారదర్శకమైన తొడుగు గురించి వారం తర్వాత రమ్మన్నారు. అది అర్థం కాలేదు. కన్ను వెలుతురు చూస్తున్నప్పుడు పైన తొడుగు ఎందుకు?

సఫిల్‌గూడ_సుజాత
దాన్ని కన్‌ఫార్మర్ అంటారు. ఇది నేను రాయాలి, ఎందుకంటే దీనిలోనే మేం ఆలస్యం చేశాం.

కుమ్మరి కుండని సాగదీసేటప్పుడు లోపల చెయ్యి ఆనించి ఉంచుతాడు చూడండి. కంటి చుట్టూ ఉండే ఎముక గుంటకి, రెప్పలకి ఆ లోపలి చెయ్యి కనుగుడ్డే. గుడ్డు పెరిగితేనే గుంట పెరుగుతుంది, రెప్పలు సాగుతాయి. గుడ్డు చిన్నదైతే ఆ వైపు గుంట, రెప్పలు, చెంప ఎముక కూడా వెనకబడతాయి. మొహం వంకరగా ఎదుగుతుంది. అందుకే చిన్న ప్లాస్టిక్ తొడుగు పెట్టి, కొన్ని వారాలకోసారి కాస్త పెద్దది మారుస్తూ పోతారు. మొదటి నెలల్లో ఎముకలు మెత్తగా ఉంటాయి, రెప్పలు త్వరగా సాగుతాయి. మా బాబుకి ఏడో నెలలో మొదలుపెడితే మొదటి తొడుగు పెట్టడానికే రెప్పల మధ్య చోటు లేదు. చిన్న సైజుతో మొదలై రెండేళ్లు పట్టింది. ఇప్పుడు రంగు వేసిన కృత్రిమ కన్ను తొడుగు పెట్టుకుంటాడు. దూరం నుంచి ఎవరికీ తెలియదు, దగ్గరగా చూస్తే ఆ వైపు కొంచెం లోపలికి ఉంటుంది.

తొడుగు చూపు తెచ్చేది కాదు. ఇది మొదట్లో నాకు ఎవరూ చెప్పలేదు, నేను చూపు వస్తుందని ఎదురుచూశాను.

ఆప్టమ్_కిరణ్
అక్క చెప్పింది అక్షరాలా నిజం. ఒకటే కలుపుతాను. మీ పాప కన్ను వెలుతురు పట్టుకుంటోంది కాబట్టే పారదర్శకమైనది అన్నారు. రంగు వేసింది పెడితే ఉన్న చూపుకి తలుపు మూసినట్టే. చూపు ఉన్నంత వరకు దాన్ని వాడనివ్వాలి. "అందం కోసం రంగుది పెట్టండి" అని బంధువులు ఒత్తిడి చేస్తారు, ఒప్పుకోవద్దు.

కొంపల్లి_వినోద్
అయితే మంచి కన్నుకి ఇప్పుడే ప్యాచ్ వేస్తే చిన్న కన్ను పనిచేయడం నేర్చుకుంటుంది కదా? మా పాపకి మెల్లకన్నుకి అలాగే వేశాం, బాగా పనిచేసింది.

ఆప్టమ్_కిరణ్
@వినోద్ సొంతంగా వద్దు. మీ పాప కంటికి ఆకారం బాగుంది, అది బద్ధకించింది. ఇక్కడ కన్ను కట్టుబడిలోనే లోపం ఉంది. ఎంత చూపు సాధ్యమో ముందు తెలియాలి. చంటిపిల్లకి మంచి కన్ను గంటలకొద్దీ మూస్తే దాని చూపు కూడా దెబ్బతినొచ్చు. గంటల లెక్క డాక్టరే చెప్పాలి.

ఎల్‌బీనగర్_హరీష్
మాది వేరే కథ. మా అక్కని మేనబావకే ఇచ్చాం. బాబుకి రెండు కళ్లూ చిన్నవే. నిమ్స్‌లో జన్యు విభాగానికి పంపారు, రక్త పరీక్షలో తల్లిదండ్రులిద్దరిలో ఒకే లోపం ఒక్కో కాపీ ఉందని తేలింది. ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు అవకాశం అన్నారు. రెండోసారి గర్భం వచ్చినప్పుడు ముందే పరీక్ష చేయించుకున్నారు. మేనరికం అయితే జన్యు పరీక్ష తప్పక చేయించండి.

కొంపల్లి_వినోద్
ఒక్క కన్నుకే అయితే అంత డబ్బు పెట్టి జన్యు పరీక్ష ఎందుకు? ఎవరి జన్యువు అని తెలిస్తే ఇంట్లో ఇంకో గొడవ.

పిల్లల_డాక్టరమ్మ
ఒక్క కన్నే అయితే ఖరీదైన పరీక్ష అందరికీ ఫలితం ఇవ్వదు, అది నిజమే. కానీ పైసా పెద్దగా ఖర్చు లేనిది ఒకటి ఉంది: అమ్మానాన్నలిద్దరూ చుక్కలు వేయించుకుని తమ కళ్లు చూపించుకోవడం. చిన్న కొలబోమా ఉండి జీవితాంతం తెలియని వాళ్లు ఉంటారు. ఒకరిలో ఉంటే తర్వాతి బిడ్డకి సగం దాకా అవకాశం ఉండొచ్చు. అది ముందే తెలుసుకోవాలి కదా.

పద్మ_టీచర్
నేను చూపులేని పిల్లలకి పాఠాలు చెబుతాను. ఈ థ్రెడ్‌లో రెండు కళ్లూ చిన్నవైన పిల్లల తల్లులు మౌనంగా చదువుతూ ఉంటారని తెలుసు. మీకోసం రాస్తున్నా. మొదటి ఏడాది నుంచే పని మొదలవుతుంది. పిల్లని ఎత్తుకునే ముందు పేరు పెట్టి పిలవండి, "పాలు తాగుదామా" అని చెప్పి సీసా చేతికి తాకించండి. చూపు లేని పిల్లలు పాకడం ఆలస్యం చేస్తారు, ఎందుకంటే పట్టుకోవడానికి ఎదురుగా ఏదీ కనపడదు. గలగలలాడే బొమ్మ కొంచెం దూరంలో మోగించండి. బేగంపేటలో దేవ్‌నార్ బడి ఉంది. నా దగ్గర చదివిన ఒక పిల్ల ఇప్పుడు డిగ్రీలో ఉంది, బస్సు నంబర్లు ఇంజిన్ శబ్దం బట్టి చెప్పేస్తుంది.

మెహదీపట్నం_ఇర్ఫాన్
వైకల్యం సర్టిఫికెట్ గురించి అడిగేవాళ్లకి: అది ఇచ్చే సదరం క్యాంపుకి ముందే స్లాట్ తీసుకోవాలి. ఒక కన్ను పూర్తిగా లేకపోయినా రెండోది బాగుంటే 30 శాతం ఇస్తారు. పథకాలకి 40 కావాలి. తెలిసి వెళ్తే నిరాశ తక్కువ.

నేరేడ్‌మెట్_నాన్న
నెలన్నర అయ్యింది. ఎకో, కిడ్నీలు, వినికిడి అన్నీ బాగున్నాయి. సీఎంవీ నెగెటివ్. మొదటి తొడుగు 24వ రోజున పెట్టారు, ఇప్పటికి రెండోసారి మార్చారు. మొదటి రెండు రోజులు చిరాకుపడింది, తర్వాత మరిచిపోయింది. ఒకసారి మాత్రం రాత్రి ఊడిపోయి అరగంట వెతికాం, చివరికి నా చొక్కా జేబులో దొరికింది.

సఫిల్‌గూడ_సుజాత
మా వాడిది పెరుగన్నంలో దొరికింది 🙂 ఎప్పుడూ ఒక చిన్న డబ్బాలో స్పేర్ పెట్టుకోండి. ఊడితే చేతులు సబ్బుతో కడుక్కుని, మరిగించి చల్లార్చిన నీళ్లతో కడిగి పెట్టండి. పసుపు పచ్చ పుసి వస్తే పెట్టకుండా డాక్టరుకి చూపించండి.

బోడుప్పల్_లత
పెరుగన్నంలో మా పిల్ల కమ్మలు కూడా దొరికాయి. పిల్లలకి దాచుకునే చోటు అదేనేమో.

నేరేడ్‌మెట్_నాన్న
పాపకి ఐదు నెలలు. రాయాల్సినవి రెండున్నాయి.

మొదటిది. ఎడమ కన్ను మూస్తే కుడి కన్నుతో ఎర్ర బంతి వైపు మొహం తిప్పుతోంది. దగ్గరగా పెడితేనే, కాస్త ఆలస్యంగా, అయినా తిప్పుతోంది. ప్లస్ పవర్ అద్దాలు ఇచ్చారు. రోజుకి అరగంట ప్యాచ్ అన్నారు. మంచి కన్నుకి దెబ్బ తగలకుండా, పగలని పాలికార్బొనేట్ అద్దాలు పెద్దయ్యాక కూడా ఎప్పుడూ పెట్టుకోవాలట. కొలబోమా ఉన్న కంట్లో రెటీనా ఊడే ప్రమాదం, ఒత్తిడి పెరిగే ప్రమాదం ఉన్నాయని క్రమం తప్పకుండా చూపించమన్నారు.

రెండోది. డాక్టరమ్మ చెప్పినట్టు ఇద్దరం కళ్లు చూపించుకున్నాం. నా భార్యవి బాగున్నాయి. నా ఎడమ కంటి రెటీనా కింది భాగంలో చిన్న కొలబోమా ఉంది. ముప్పై రెండేళ్లు నాకు తెలియదు. రిపోర్టు చేతిలో పెట్టుకుని లక్డీకాపూల్ దాకా ఇద్దరం ఒక్క మాట మాట్లాడలేదు. తర్వాత తనే నా చెయ్యి పట్టుకుంది. ఇంటికొచ్చి మా అమ్మకి రిపోర్టు చూపించాను. చాలాసేపు చూసింది. ఆ సాయంత్రం కోడలికి తనే తలంటింది. గ్రహణం మాట మళ్లీ ఎత్తలేదు.

జన్యు కౌన్సెలింగ్‌కి తేదీ తీసుకున్నాం.

ఒక సాయం కావాలి. అద్దాలు ముక్కు మీద నిలవడం లేదు, నిమిషానికోసారి లాగేస్తోంది. ఏం చేయాలి?

ఆప్టమ్_కిరణ్
కాడలు ఉన్న ఫ్రేమ్ ఈ వయసుకి వద్దు. తల వెనక్కి ఎలాస్టిక్ పట్టీ వచ్చే మెత్తటి రబ్బరు ఫ్రేమ్ అడగండి. పాలు తాగేటప్పుడు, ఆడేటప్పుడు పెట్టి, చేతులకి ఏదైనా బొమ్మ ఇవ్వండి. నిద్రలో తీసేయండి.

సఫిల్‌గూడ_సుజాత
మా వాడి చిన్నప్పటి పట్టీలు రెండు బీరువాలో ఉన్నాయి, మెత్తటివి, ఉతికి పెట్టాను. నేరేడ్‌మెట్ మాకు పక్కనే. ఆదివారం పొద్దున నేనూ మా బాబూ తెచ్చి ఇస్తాం. పాపని చూస్తానని వాడు పొద్దుటి నుంచి అడుగుతున్నాడు.